సోమమ్మ మొక్కిన పోతు

కేతేపల్లికి కాస్త ఎడంగా, మూసీ కాలువ గట్టు పక్కన ఉన్న ఆ ఊళ్లో సోమమ్మను ఎరగనివాళ్లు లేరు. ప్రేమతో ఎరిగినవాళ్లు సగం, ఆమె పొదుపుకు జడిసి ఎరిగినవాళ్లు సగం. ఒక్క అగ్గిపుల్ల గీసిందంటే దాంతో గ్యాసు పొయ్యి, వాకిట్లో కట్టెల పొయ్యి, దేవుడి ముందర దీపం అన్నీ అంటుకోవాల్సిందే. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ ముద్ద చేసి కొత్త సబ్బు చేసేది. దాని రంగేమిటని అడిగితే దేవుడు కూడా చెప్పలేడు. చాయపత్తి రెండోసారి మరిగాకే కరివేపాకు చెట్టు మొదట్లోకి పోయేది. రెండోసారి మరిగితేనే అసలు రుచి దిగుతుందని వాడకట్టు ఆడవాళ్లకు పాఠం కూడా చెప్పేది.

ఆమె భర్త అంజన్న మెత్తని మనిషి. ఎండాకాలం మధ్యాహ్నం మేకల్ని తోలుకొచ్చి, చెమటలు కక్కుతూ ఫ్యాను స్విచ్చి వైపు చెయ్యి చాపేవాడు.

“ఒక్కనికి ఫ్యానా? జర ఆగు. నర్సిమ్మ రానీ, ఇద్దరికి కలిపి ఏస్త,” అనేది సోమమ్మ.

కొడుకు నరసింహ నకిరేకల్‌లో ఎరువుల దుకాణంలో పనిచేసేవాడు. అతను ఇల్లు చేరేసరికి ఎండే చల్లబడేది. ఇక ఫ్యాను ఎందుకని సోమమ్మే అనేది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ ఇంట్లో మగవాళ్లకు పట్నం మొహం చూసే యోగం పోయింది. విత్తనాలైనా, మందులైనా, అంజన్న కంటి అద్దాలైనా సోమమ్మే ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని నల్లగొండ వెళ్లి తెచ్చేది. “నా కండ్లకు అద్దాలు నువ్వు పెట్టుకొని సూసి తెస్తే ఎట్లనే?” అని అంజన్న ఒకసారి మొత్తుకున్నాడు. ఆ అద్దాల్లోంచి ఆయనకు మేకలు కాస్త లావుగా కనిపించేవి. దాంతో మనిషి సంతోషంగానే ఉన్నాడు.

వానాకాలం వస్తే ఆమె మేకపిల్లలకు బియ్యం సంచులతో తొడుగులు కుట్టేది. మేకపిల్లల వీపుల మీద ‘నికర బరువు ఇరవై ఐదు కిలోలు’ అని అచ్చక్షరాలు కనపడేవి. కొనడానికొచ్చిన బేరగాళ్లు అది చదివి, “సోమక్కా, తూకం ముందే రాసి పెట్టినవా?” అని నవ్వేవారు. “సూసి నేర్చుకోండ్రి. మీ తక్కెడ కంటె నా సంచే నయం,” అనేది ఆమె.

అయితే సోమమ్మను పిసినారి అన్నవాడి నోట్లో మన్ను పడాలి. ఊళ్లో ఏ తల్లికి పాలు చాలకపోయినా పొద్దున్నే ఆ ఇంటికి మేకపాల చెంబు పోయేది. దానికి ఒక్క పైసా తీసుకునేది కాదు. పసిపిల్లకు పాలు అమ్మితే పొదుగు ఎండిపోతుందని ఆమె నమ్మకం. పారేయడం మాత్రం ఆమెకు చేతకాదు. వానలు లేని ఏండ్లలో కాపురానికొచ్చింది. పరాయివాళ్ల మేకల్ని పాలుకు మేపి, గంజి తాగి, వాటాగా వచ్చిన ఒక్కో పిల్లను దక్కించుకుని ఇల్లు నిలబెట్టింది. “ఏదన్న పారేసినవంటే దాన్ని ఇచ్చినోన్ని తిట్టినట్టే,” అనేది. మెతుకు పారేస్తే రైతును తిట్టినట్టు, నీళ్లు పారబోస్తే వానను తిట్టినట్టు. ఆమె పొదుపంతా ఆ కృతజ్ఞతలోంచి పుట్టిందే గాని ఆశలోంచి పుట్టింది కాదు.

ఇంత పొదుపుగల మనిషికి ఒక్క విషయంలో మాత్రం దర్జా ఉండేది. అది పటేలు.

పటేలంటే మనిషి కాదు, మేకపోతు. నల్లటి ఒళ్లు, వెనక్కి తిరిగిన కొమ్ములు, ఛాతీ దాకా దిగిన గడ్డం. అది గట్టు మీద నడిచి వస్తుంటే కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. అంజన్నే దానికా పేరు పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ మేకల్ని దాని దగ్గరికే తోలుకొచ్చేవారు. కేతేపల్లి సంతలో ఏ మేకపిల్ల చెవులు పొడుగ్గా కనపడ్డా, “గిది మా పటేలు బిడ్డే,” అని సోమమ్మ దాని తల నిమిరేది. వాన పడితే అందరికీ బియ్యం సంచి తొడుగులే, పటేలుకు మాత్రం అసలైన గొంగడి.

నరసింహకు పానగల్ పిల్లను చేసుకున్నారు. పేరు మల్లీశ్వరి. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి పెంచాడు. అత్తగారింట్లో చాయ తాగిన మొదటి రోజే ఆ పిల్లకు సంగతి అర్థమైంది గాని నోరు మెదపలేదు. సోమమ్మ ఒక నియమం చెప్పిన ప్రతిసారీ “అట్లనే అత్తమ్మా,” అనేది. ఎదురు చెప్పని కోడలు దొరికిందని సోమమ్మ మురిసిపోయింది. కోడలికి మాత్రం మనసులో ఒక మూల చిన్న బాధ ఉండేది. ఈ ఇంట్లో మేకలకున్న విలువ తనకుందా అని. అత్త ఆ మాట ఎప్పుడూ అనలేదు, ఈమె ఎప్పుడూ అడగలేదు.

మల్లీశ్వరికి నెలలు నిండాయి. నొప్పులు మొదలవగానే నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. సోమమ్మ వెంట ఒక పెద్ద సంచి తెచ్చింది. నిండా పాత నూలు చీరల ముక్కలు, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డవి. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తగలకూడదు కదా. ఆ రోజు వార్డులో ఏ బిడ్డ పుట్టినా చుట్టింది సోమమ్మ గుడ్డల్లోనే. నర్సమ్మలు ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు.

ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగుంది గాని తల్లికి రక్తం ఆగలేదు. డాక్టర్లు పరుగులు తీశారు. నరసింహ, అంజన్న తమ్ముడు పర్వతాలు వెళ్లి రక్తం ఇచ్చారు. తెల్లబట్టలా పాలిపోయిన కోడలి మొహం తలుపు సందులోంచి ఒక్కసారి కనపడి మాయమైంది. సోమమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, ఆ వరండాలో బల్ల మీద కూర్చుని, పెదవులు కదిలీ కదలకుండా ఊళ్లో ఉన్న ముత్యాలమ్మను పిలిచింది.

“తల్లీ, నా కోడలు లేచి నడిచి ఇంటికొస్తే, మా పటేలును నీకిస్త.”

ఆ మాట విన్నది ఆ పసిగుడ్డు ఒక్కతే. సాయంత్రానికి రక్తం ఆగింది. కొన్నాళ్లకు మల్లీశ్వరి లేచి, నడిచి, బిడ్డతో ఇంటికొచ్చింది. బిడ్డకు మనీష అని పేరు పెట్టారు. డాక్టరమ్మకు సోమమ్మ ఒక డబ్బా నిండా నెయ్యి తీసుకుపోయి ఇచ్చింది. ఆ డబ్బాను తిరిగి అడగలేదు. అది చూసి అంజన్నకు కళ్లు తిరిగినంత పనైంది.

ఆపద మొక్కులు, సంపద మరపులు అని పెద్దలు ఊరికే అనలేదు. సోమమ్మ మరవలేదు గాని వాయిదా వేసింది. ఆ ఏడు శ్రావణంలో ముత్యాలమ్మ పండుగ వస్తే, కోడలు పచ్చి బాలింత, ఇప్పుడు వద్దంది. ఆ తర్వాత పటేలు కాస్త ఒళ్లు చేయాలంది. మరుసటి శ్రావణం దగ్గరపడేసరికి ఆమె బుర్రలో అసలైన తర్కం పుట్టింది. పటేలు ముదిరిపోయింది. అమ్మవారికి ముదురు మాంసం పెడితే మర్యాదేనా? మన ఇంటికి చుట్టం వస్తే ముసలి కోడిని కోస్తామా? లేతది పెడితేనే కదా గౌరవం. పటేలు కొడుకే ఒకటుంది, బుడ్డోడు. రక్తం అదే, రంగూ అదే, చెవులూ అవే. ఇన్ని గుణాలున్నాక తల్లి మాత్రం ఎందుకు కాదంటుంది?

తర్కం బలంగానే ఉంది. కాకపోతే దాన్ని రోజూ మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ముత్యాలమ్మ పండుగ రానే వచ్చింది. కోడలి కాన్పు క్షేమంగా జరిగినందుకు మొక్కు అని చెప్పి సోమమ్మ చుట్టాలందరినీ పిలిచింది. పానగల్ నుంచి వియ్యంకుడు కూడా వచ్చాడు. వాకిట్లో రాళ్ల పొయ్యిలు వెలిగాయి. ఉల్లిగడ్డలు తరిగారు, అల్లం వెల్లుల్లి నూరారు. బోనాలెత్తుకుని, డప్పులతో గుడి దగ్గరికి చేరారు. బుడ్డోడికి స్నానం చేయించి, పసుపు పూసి, మెడలో వేపాకు దండ వేసి నిలబెట్టారు.

ఇక్కడ ఒక పద్ధతుంది. పోతు వీపు మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లంతా జాడించి విదిలించుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వేయరు. మామూలుగా ఇది గుక్క తిప్పుకునేంత సేపటి పని.

గుడి బాగోగులు చూసే ముసలి కాటమయ్య చెంబెత్తి నీళ్లు చల్లాడు. డప్పులు జోరందుకున్నాయి. బుడ్డోడు కదలలేదు. ఇంకో చెంబు చల్లాడు. బుడ్డోడు మెడ వంచి తన దండలోని వేపాకు నమలడం మొదలుపెట్టింది. కాటమయ్య తల మీద చల్లాడు, చెవిలో చుక్కలు వేశాడు. అది దండ ముగించి, పక్కింటామె బోనానికి కట్టిన వేపమండ వైపు మూతి చాపింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. డప్పులు మెత్తబడితే వాయించేవాళ్లు పోయి మంట దగ్గర కాపుకొచ్చారు. పిల్లలు ఆకలంటున్నారు. పొయ్యి మీద అన్నం అయిపోయింది, కూర గిన్నె మాత్రం ఖాళీగా ఎదురుచూస్తోంది.

“సిన్నప్పటి సంది సంచి తొడిగి తొడిగి, దీనికి నీళ్లు తగిలితే విదిలించుకోవాలనే సోయి లేకుండ చేసినవ్ గద వదినా,” అన్నాడు పర్వతాలు. జనం గొల్లుమన్నారు. సోమమ్మ నవ్వలేదు.

కాటమయ్య చెంబు కింద పెట్టి అందరి వైపూ తిరిగాడు. “మొక్కుల ఏదో లోపమున్నది. ఇంట్ల ఎవరన్న ఏదన్న దాసిండ్రేమో, తల్లి ముందర ఒప్పుకోండ్రి. దాపరికం ఉన్నకాడ అమ్మ ఒప్పుకోదు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఇంటివాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా అంజన్న గొంతు సవరించుకున్నాడు.

“ఆదివారం ఆదివారం మేకలు తప్పిపోయినయని ఆలస్యంగ వస్త గద. అవి యాడికీ పోలే. నేనే కల్లుకు పోయిన.”

“మేకలకు ఆదివారమని ఎట్ల ఎరుకైతదో అనుకున్న,” అంది సోమమ్మ.

తర్వాత నరసింహ తలొంచుకున్నాడు. “అమ్మా, గీ చెప్పులు పాతయి కావు. కొత్తయి కొని, మట్టిల రుద్ది తొడుక్కున్న.”

అంతదాకా నవ్వుతున్న పర్వతాలు నవ్వు ఆపేశాడు. “వదినా, మా టీవీ చెడిపోలే. మీ ఇంట్ల టీవీ అరుగుతదని నువ్వు మా ఇంట్ల సీరియల్ సూస్తానికి రోజూ వస్తవని, మా ఇంటామెనే గట్ల చెప్పమన్నది.” ఆయన పెళ్లాం జనంలో వెనక్కి జరిగింది.

ఒక్కొక్కరు చెప్పిన ప్రతిసారీ కాటమయ్య ఆశగా ఒక చెంబు చల్లాడు. బుడ్డోడు హాయిగా తడుస్తోంది.

ఆఖరికి మల్లీశ్వరి ముందుకొచ్చింది. కళ్లల్లో నీళ్లున్నాయి. “తప్పు నాదే కావచ్చు అత్తమ్మా. నువ్వు పాలు పిండనీకె పోంగనే, నేను పాత చాయపత్తి పారబోసి కొత్తది ఏస్త. వచ్చిన కాన్నుంచి గదే చేస్తున్న.”

సోమమ్మ నోరు తెరిచింది. రెండోసారి మరిగిన పత్తి రుచి గురించి వాడకట్టంతా చాటింపు వేసింది ఆమే. ఇన్నాళ్లూ మురిసిపోతూ తాగింది కొత్త పత్తి చాయ. జనం మళ్లీ గొల్లుమన్నారు. నిజానికి ఆమెకూ నవ్వే రావాలి.

కాని రాలేదు. తన పొదుపు చాటున ఇల్లంతా ఇన్ని చిన్న చిన్న అబద్ధాలతో, ఎవరినీ నొప్పించకుండా, తనకు ఎదురు చెప్పకుండా బతుకుతోంది. ఇవన్నీ చారెడు చాయపత్తి, జోడు చెప్పులపాటి దాపరికాలు. అసలు దొంగ తను. ఆ వరండాలో బల్ల మీద కూర్చుని, తెల్లబడ్డ మొహాన్ని చూసి, పేరు పెట్టి మొక్కి మాట ఇచ్చింది తను. ఏరు దాటాక తెప్ప తగలేసింది తను. ముత్యాలమ్మ తల్లి తన మాట నిలబెట్టుకుంది. ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ఇంకేం రుజువు కావాలి?

అప్పుడే మల్లీశ్వరి చంకలో ఉన్న మనీష తుమ్మింది.

ఆ రోజు మొక్కు విన్న ఒకే ఒక్క సాక్షి ఆ పిల్లే. సోమమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా గిర్రున తిరిగి ఇంటి వైపు నడిచింది. అలిగి పోతోందని అందరూ అనుకున్నారు. అంజన్న వెంటపడబోయి ఆగాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో తాడుంది. తాడు చివర పటేలు. అది మామూలుగానే గడ్డం ఊపుకుంటూ, తన పండుగకు తనే వస్తున్నంత ఠీవిగా వచ్చింది. జనం దారి ఇచ్చారు. సోమమ్మ కాటమయ్య ముందు నిలబడింది.

“నేను మొక్కింది దీన్ని. దవాఖానల, నా కోడలు పడుకున్ననాడు, పేరు పెట్టి మొక్కిన. ఇయ్య బుద్ధి కాక గీ బుడ్డోన్ని తెచ్చిన.”

మల్లీశ్వరి కదలకుండా నిలబడిపోయింది. పటేలును పొద్దున సాయంత్రం మేపింది, పేరు పెట్టింది అంజన్న. అందరి చూపూ ఆయన మీదే. ఆయన దగ్గరికొచ్చి దాని మెడ కింద కాసేపు గోకాడు. అలా గోకితే దానికి ఇష్టం.

“మొక్కింది మొక్కినట్టు ఇయ్యాలె,” అని, భార్య చేతిలోంచి తాడు తనే తీసుకున్నాడు. స్నానం కూడా తనే చేయించాడు. బుడ్డోడి మెడలో ఆకులన్నీ అయిపోయి మిగిలిన దారం తీసేసి, కొత్త దండ అల్లి పటేలుకు వేశారు.

కాటమయ్య చెంబెత్తాడు. నీళ్లు ఇంకా సగం చెంబులోనే ఉన్నాయి, పటేలు కొమ్ముల దగ్గర్నుంచి తోక దాకా ఒళ్లు జాడించింది. ముందు వరసలో ఉన్నవాళ్లందరి మీదా పసుపు చుక్కలు పడ్డాయి. డప్పులు ఊరు దద్దరిల్లేలా మోగాయి. నీళ్లు పడితే మేక విదిలించుకోవడంలో వింతేముంది అనేవాళ్లు అనొచ్చు. ఎవరి నమ్మకం వారిది. సోమమ్మ మాత్రం అక్కడే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, తలను నేలకు ఆనించి, చాలాసేపు లేవలేదు. ఆమె ఏడ్చింది పటేలు కోసం కొంత, భయం వదిలిపోయినందుకు కొంత. ఎక్కువ భాగం మాత్రం కోడలు బతికి ఉన్నందుకు. ఆ ఏడుపు దవాఖాన వరండాలో ఏడవాల్సింది, అప్పుడు ఏడిస్తే అపశకునమని దాచిపెట్టుకుంది.

పటేలు చిన్న మేక కాదు. చుట్టాలతోపాటు వాడకట్టు మొత్తం తిన్నది. డప్పులు కొట్టినవాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. వడ్డించడానికి సోమమ్మ స్వయంగా గరిటె పట్టుకుంటే జనం భయపడ్డారు. ఆమె చేతి గరిటెడు ఎంతో ఊరందరికీ తెలుసు. ఆ రోజు ఆమె గిన్నె అడుగుదాకా ముంచి తీసింది. చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ల వేళ్ల మీదే కూర పడింది. “గీమె మా సోమక్కేనా?” అని ఒకాయన పక్కవాణ్ని అడిగాడు.

అందరూ తిన్నాక ఆఖరి పంక్తిలో ఇంటి ఆడవాళ్లు కూర్చున్నారు. మల్లీశ్వరి విస్తరి ముందు కూర్చుంది గాని అన్నం కలపలేదు. మనీష ఆమె ఒళ్లో నిద్రపోయింది. సోమమ్మ గిన్నె పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

“అత్తమ్మా, నా కోసం పటేలునా మొక్కినవ్?” అంది మల్లీశ్వరి మెల్లగా. “అప్పుడే బుడ్డోన్ని మొక్కితే సరిపోతుండె గద.”

సోమమ్మకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఆలోచించుకోవడానికి కూడా ఏమీ కనపడలేదు.

“గా యాల్ల మన ఇంట్ల దానికన్న పెద్దది ఏం లేకుండె బిడ్డా. ఉంటే దాన్నే మొక్కేదాన్ని.”

మల్లీశ్వరి తల దించుకుంది. కన్నీళ్లు అన్నంలో పడుతున్నాయి. సోమమ్మ వంగి, గరిటె నిండా తీసి, పెద్ద ముక్క చూసి ఆమె విస్తట్లో వేసింది.

“తిను, సల్లారుతాంది,” అంది.